కంటిలో సున్నము

1905వ సంవత్సరము డిసెంబరు 7వ తేదీ. నేడు చెక్ దేశములో ఉన్న ఓలొమోట్స్ పట్టణము ఆనాడు ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యములోనిది. ఆ పట్టణపు ఆసుపత్రిలో డాక్టరు ఎడ్వర్డ్ జిర్మ్ అనే నేత్రవైద్యుడు ఆలోయిస్ గ్లోగర్ అనే కూలీకి శస్త్రచికిత్స చేసినారు. గ్లోగర్ సున్నము పని చేస్తుండగా రెండు కండ్లలోను సున్నము పడి చూపు కోల్పోయినాడు. నల్లగుడ్డు మీద గడియారపు అద్దమువలె అమరియుండే పారదర్శకమైన పొరను శుక్లపటలము అంటారు. గ్లోగర్ కండ్లలో అది తెల్లబడి, గాజుపలక మీద వెల్ల వేసినట్లు, వెలుతురును లోనికి పోనీయక అడ్డుకొన్నది.

అదే రోజులలో పదకొండేండ్ల బాలుడొకని కంటిలో ఇనుపముక్క గుచ్చుకొని, ఆ కంటిని తీసివేయవలసి వచ్చినది. లోపల చెడిపోయినదేగాని, ఆ కంటి ముందుభాగము స్వచ్ఛముగానే ఉన్నది. జిర్మ్ దానినుండి రెండు చిన్న బిళ్లలు కోసి గ్లోగర్ రెండు కండ్లలోను అమర్చినారు. ఒకటి నిలువలేదు. రెండవది నిలిచినది. ఒక మనిషి శుక్లపటలమును మరొక మనిషికి పూర్తి మందముతో అతికించగా అది పారదర్శకముగా నిలిచిన మొదటి సందర్భము ఇదే. గ్లోగర్ మరల చూడగలిగినాడు.

వైద్యచరిత్రలో ఈ కథను శస్త్రవైద్యుని విజయముగా చెప్పుట వాడుక. అది న్యాయమే. కాని గ్లోగర్ కంటిలో సున్నము పడిన మొదటి కొద్ది నిమిషములలో పక్కనున్నవారు ఏమి చేసి ఉండవలసినదో ఆ కథ చెప్పదు. అది ఆనాటి వైద్యులకే నిశ్చయముగా తెలియదు. ఒక్కొక్క పుస్తకము ఒక్కొక్క మందు చెప్పేది. ఆ ప్రశ్నకు ప్రయోగపూర్వకమైన సమాధానము రావడానికి మరి ఇరువది ఏండ్లకు పైగా పట్టినది. ఆ సమాధానము ఒక్క మాట: నీళ్లు. పల్లెటూరి పిల్లవానికి కూడ తోచే ఈ మాట దగ్గరకు రావడానికి రసాయనశాస్త్రము తెలిసినవారికే ఎక్కువకాలము పట్టినది. వారిని ఆలస్యము చేసినది తెలియకపోవుట కాదు, కొంత తెలిసియుండుట.

సున్నము చేసే పని

కంటికి హాని చేసే రసాయనములలో సున్నమంత పాతది మరొకటి లేదనవచ్చును. 1217 ఆగస్టు 24వ తేదీన ఇంగ్లండు తీరమున శాండ్విచ్ రేవు దగ్గర ఇంగ్లీషువారికి, ఫ్రెంచివారికి నౌకాయుద్ధము జరిగినది. ఇంగ్లీషు నావలు గాలివాటము చూచుకొని పైగాలి వైపునకు చేరినవి. ఆపైన శత్రువుల ఓడలమీదికి పొడిసున్నము చల్లినారని ఆ కాలపు వృత్తాంతములు చెబుతున్నవి. కండ్లు కనిపించక తారాడుతున్న సైనికులను ఓడించుట కష్టము కాలేదు. ఫ్రెంచి నావలకు నాయకుడైన యూస్టేస్ పట్టుబడి తల పోగొట్టుకొన్నాడు. అంటే సున్నము కన్ను తీస్తుందని ఎనిమిది వందల ఏండ్ల కిందటనే సైనికులకు బాగా తెలుసు. దానిని విరుగగొట్టు విద్య మాత్రము వైద్యులకు తెలియదు.

సున్నపురాయిని బట్టీలో కాల్చితే బొగ్గుపులుసు వాయువు వెడలిపోయి పొడిసున్నము మిగులుతుంది. దానిమీద నీళ్లు పోస్తే బుసబుసమని పొంగి, పొగలు చిమ్మి, తడిసున్నమవుతుంది. పండుగకు ముందు ఇంటికి వెల్ల వేయించే రోజులలో ఈ దృశ్యము చూడని తెలుగువారు ఉండరు. తాంబూలములో వేసుకొనేది కూడ ఈ తడిసున్నమే. నాలుక మీద ఆకుతో కలిపి కొద్దిగా వేసుకొంటే ఆపదలేని ఈ పదార్థము కంటిలో పడితే ఎందుకంత ఘోరము చేస్తుంది?

సున్నము క్షారము. కాస్టిక్ సోడా, అమ్మోనియా కూడ క్షారములే. మన శరీరములోని ప్రతి కణమునకు కొవ్వుతో నిండిన సన్నని పొర ఉంటుంది. క్షారము కొవ్వును సబ్బుగా మార్చుతుంది. సబ్బు తయారుచేసేవారు పెద్ద బానలలో చేసే పనినే క్షారము కంటిలో చేస్తుంది. అందువల్ల కణముల గోడలు కరిగి దారి ఇస్తవి. క్షారము ఒక పొర దాటి మరొక పొరలోనికి దిగుతూనే ఉంటుంది. ఆమ్లము స్వభావము వేరు. అది తగిలిన చోటనున్న మాంసకృత్తులను, కోడిగుడ్డు తెల్లసొన ఉడికి గడ్డకట్టినట్లు, గడ్డకట్టిస్తుంది. ఆ గడ్డయే ఒక అడ్డుగోడయై మిగిలిన ఆమ్లమును కొంతవరకు ఆపుతుంది. అందుచేత గంధకికామ్లము పేరు వింటే భయపడే విద్యార్థి సున్నమునకు, అమ్మోనియాకు అంతకంటె ఎక్కువ భయపడవలెను. (గాజును తినివేసే హైడ్రోఫ్లోరికామ్లము ఈ నియమమునకు లోబడదు. అది ఆమ్లమే అయినా లోతుకు దిగుతుంది.)

సున్నమునకు మరొక దుర్గుణము ఉన్నది. అది నీటిలో బహు తక్కువగా కరుగుతుంది. లీటరు నీటిలో రెండు గ్రాములైనా కరుగదు. కాస్టిక్ సోడా చుక్క పడితే కడిగితే పోతుంది. సున్నపు పలుకు మాత్రము పై రెప్ప మడతలో చేరి, కన్నీటిలో కొద్దికొద్దిగా కరుగుతూ, గంటల తరబడి క్షారమును విడుస్తూనే ఉంటుంది. రెప్పను తిప్పి చూడనివారు కన్ను కడిగినామనుకొని సంతృప్తిపడి, లోపల కుంపటిని అట్లే వదలివేసినవారవుతారు.

నూనె, చక్కెర, సిర్కా

పందొమ్మిదవ శతాబ్దిలోను, ఇరువదవ శతాబ్ది మొదటి దశకములలోను వచ్చిన వైద్యగ్రంథములలో, ప్రథమచికిత్స పుస్తకములలో సున్నమునకు చెప్పిన మందులు చూస్తే ఆశ్చర్యము కలుగుతుంది. అవి మూఢనమ్మకములు కావు. ప్రతిదానికి వెనుక ఒక తర్కము ఉన్నది.

మొదటిది నూనె. పొడిసున్నముపై నీళ్లు పోస్తే వేడి పుడుతుంది గదా, కనుక కంటిలోని సున్నముపై నీళ్లు పోయుట నిప్పుమీద నిప్పు పోయుటయే, ఆముదమో ఆలివు నూనెయో వేసి నీరు తగులకుండ చేయవలెను అన్నారు. వినడానికి ఇది బాగానే ఉన్నది. లెక్క వేసి చూస్తేనే తప్పు బయటపడుతుంది. 56 గ్రాముల పొడిసున్నము నీటితో కలిస్తే సుమారు 15 కిలోకేలరీల వేడి పుడుతుంది. అంటే గ్రాముకు 270 కేలరీలు. ఒక గ్రాము సున్నముపై మూడు గ్రాముల నీరు పోస్తే ఆ నీరు ఇంచుమించు 90 డిగ్రీలు వేడెక్కి మరుగుతుంది. అదే గ్రాము సున్నమును లీటరు నీటితో కడిగితే ఆ నీటి వేడి పావు డిగ్రీకి కొంచెము మించి పెరుగుతుంది, అంతే. కొద్ది నీరు అపాయము, ఎక్కువ నీరు ఉపాయము. పైగా కన్ను ఎన్నడూ పొడిగా ఉండదు. నూనె వేసినా వేయకున్నా కన్నీరు సున్నమును తడుపుతూనే ఉంటుంది. నూనె చేసే పని అంతా సున్నమును కంటిలో దాచిపెట్టుటే. ఇక గోడకు వేసే సున్నము, తాంబూలపు సున్నము ముందే తడిసి చల్లారినవి. వాటి విషయములో వేడి ప్రశ్నే లేదు.

రెండవది చక్కెర నీరు. సున్నము మంచినీటిలోకంటె చక్కెర నీటిలో ఎక్కువగా కరుగుతుంది. చెరకు రసమును శుద్ధిచేయడానికి సున్నము వాడే చక్కెర మిల్లులవారికి ఈ రెండు పదార్థముల స్నేహము తెలిసినదే. కనుక చక్కెర నీటితో కడిగితే సున్నము త్వరగా కరిగిపోతుందని ఊహించినారు. ఊహ తెలివైనదే. కాని సున్నము పని జరిగే చోట చక్కెర పాకము ఎవరు సిద్ధము చేసి ఉంచుతారు?

మూడవది సిర్కా, అనగా వినిగర్. రసాయనశాస్త్రము చదివినవారిని అన్నిటికంటె ఎక్కువగా మోసగించినది ఇదే. ఆమ్లము, క్షారము కలిస్తే లవణము, నీరు ఏర్పడునని ప్రతి విద్యార్థి నల్లబల్లపై వ్రాస్తాడు. కంటిలో క్షారము పడితే పలుచని ఆమ్లము, ఆమ్లము పడితే పలుచని క్షారము పోయుటకంటె శాస్త్రీయమైనది ఏముంటుంది? అందుచేతనే ఆమ్లమునకు వంటసోడా ద్రావణము, క్షారమునకు ఒక శాతము బోరికామ్లము అని రసాయన ప్రయోగ గ్రంథములు చాలకాలము వ్రాస్తూ వచ్చినవి. ప్రయోగశాలల అలమరలలో ఆ రెండు సీసాలు చీటీలతో నిలిచి ఉండేవి. ఆ చీటీలు చూచి ధైర్యము తెచ్చుకొన్న ఉపాధ్యాయులు ఎందరో ఉంటారు.

మన ఇండ్లలోని వాడుకలను కూడ ఇక్కడే చెప్పుకోవలెను. కంటిలో ఏది పడినా తల్లిపాలు పిండుట, నెయ్యి లేదా ఆముదము వేయుట పెద్దలు చేసే పని. చల్లగా ఉంటుందని, నొప్పి తగ్గుతుందని వారి భావము. పుస్తకములు నూనె వేయమని చెబుతున్న కాలములో పెద్దవారిని తప్పుపట్టుట ఎట్లు? కాని ఆముదము సీసా వెదకడానికి, పాలిచ్చే తల్లిని పిలుచుకొని రావడానికి పట్టే సమయము సున్నము తన పని ముగించడానికి చాలును.

డెట్రాయిట్ ఎలుకలు

ఈ తగవు తేల్చినది వాదన కాదు, ప్రయోగము. అమెరికాలోని డెట్రాయిట్ నగరములో హెన్రీ ఫోర్డ్ ఆసుపత్రిలో ఎడ్వర్డ్ డేవిడ్సన్ అనే శస్త్రవైద్యుడు ఉండేవారు. ఆమ్లములతో, క్షారములతో కాలిన గాయములకు ఏ చికిత్స మేలో తెలుసుకోవడానికి ఆయన ఎలుకలపై ప్రయోగములు జరిపి 1927లో ఫలితములు ప్రకటించినారు. కొన్ని ఎలుకలను గాయమైన వెంటనే నీటితో బాగుగా కడిగినారు. కొన్నిటికి విరుగుడు ద్రావణముతో తటస్థీకరణము చేసినారు. పుస్తకముల ప్రకారము రెండవ గుంపు బాగుపడవలెను. జరిగినది తారుమారు. నీటితో కడిగిన ఎలుకలే ఎక్కువగా బ్రతికినవి.

ఎందువల్ల? సమీకరణము తప్పు కాదు. తప్పు దానిని ప్రయోగించిన చోట ఉన్నది. గాజుకుప్పెలో ఎంత ఆమ్లమున్నదో కొలిచి, అంతే క్షారమును బ్యూరెట్టునుండి చుక్కచుక్కగా వదలి, రంగు మారగానే ఆపుతాము. కంటిలో ఎంత పడినదో ఎవరు కొలుస్తారు? తక్కువ పోస్తే చాలదు. ఎక్కువ పోస్తే విరుగుడే గాయము చేస్తుంది. పైగా ఆమ్లక్షారముల కలయికలో వేడి పుడుతుంది. ఇంతకు మించి, లోనికి దిగిపోయిన క్షారమును పైన పోసిన సిర్కా అందుకోలేదు. నీటికి ఈ చిక్కులు లేవు. అది పలుచన చేస్తుంది, కడిగి తీసుకొనిపోతుంది, వేడిని పీల్చుతుంది. ఎంత పోసినా గాయము పెంచదు. అన్నిటికంటె ముఖ్యముగా, చీటీ చదువనక్కరలేదు. పడినది ఆమ్లమా క్షారమా అని విచారించనక్కర కూడ లేదు.

శాస్త్రచరిత్రలో ఒక చిత్రము ఇక్కడ గమనింపదగినది. ఈ డేవిడ్సన్ పేరు ఆ రోజులలో ప్రపంచమంతట మారుమ్రోగినది నీటివల్ల కాదు. 1925లో ఆయన నిప్పుతో కాలిన గాయములకు టానికామ్లము పూయు పద్ధతిని ప్రచారములోనికి తెచ్చినారు. తోలు పదును చేయడానికి వాడే పదార్థమే ఇది. గాయముపై గట్టి పెచ్చు కట్టి రక్షిస్తుందని ఆసుపత్రులన్నియు దానిని స్వీకరించినవి. తర్వాత అది కాలేయమునకు హాని చేస్తుందని తెలిసి, 1940 తరువాతి ఏండ్లలో వదలివేసినారు. ఆయనకు కీర్తి తెచ్చిన మందు పోయినది. ఎవరూ అంతగా పొగడని నీటి ప్రయోగము నిలిచినది.

ఆలస్యము చేసే అపకారము

కడుగకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఒక యుద్ధకాలపు ఘటన ఉన్నది. 1943 డిసెంబరు 2వ తేదీ రాత్రి ఇటలీలోని బారి రేవుపై జర్మను విమానములు బాంబులు కురిపించినవి. మునిగిన ఓడలలో జాన్ హార్వీ అనే అమెరికను ఓడ ఒకటి. దానిలో మస్టర్డ్ విషపు బాంబులు రహస్యముగా ఉన్నవి. ఆ విషము ఓడల నూనెతో కలిసి నీటిపై తేలినది. ఆ నీటిలో ఈది ఒడ్డుకు చేరిన నావికులను ఆసుపత్రికి తెచ్చి, వారికి తగిలినది చలి, భయము మాత్రమే అనుకొని, తడిసిన బట్టలతోనే కంబళ్లు కప్పి పడుకోబెట్టినారు. కండ్లు గాని ఒళ్లు గాని కడుగలేదు. విషమున్నదని వైద్యులకు ఎవరూ చెప్పలేదు. మస్టర్డ్ తగిలిన వెంటనే నొప్పి ఉండదు. కొన్ని గంటలు గడచిన తర్వాత రెప్పలు వాచి మూసుకొనిపోయి, గుడ్డివారమైనామని రోగులు ఆక్రోశించినారు. ఆరువందలకు పైగా సైనికులు, నావికులు ఆసుపత్రి పాలైనారు. వారిలో ఎనుబదిమందికి పైగా మరణించినారు. స్టీవార్ట్ అలెగ్జాండర్ అనే అమెరికను సైనిక వైద్యుడు లక్షణములనుబట్టి ఇది మస్టర్డ్ అని గుర్తించేనాటికి కడుగవలసిన నిమిషములు ఎప్పుడో దాటిపోయినవి.

ఇదే యుద్ధకాలములో అమెరికాలోని బాల్టిమోరు నగరమున, జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయమునకు చెందిన విల్మర్ నేత్రవైద్యసంస్థలో జోనాస్ ఫ్రీడెన్వాల్డ్, విలియం హ్యూస్, వారి సహచరులు శుక్లపటలము ఎంత ఆమ్లతను, ఎంత క్షారతను ఓర్చుకోగలదో కొలిచి 1944లో ప్రకటించినారు. 1946లో హ్యూస్ క్షారపు గాయములపై విపులమైన వ్యాసములు వ్రాసినారు. తరువాత బోస్టనులో మార్టన్ గ్రాంట్ ఈ విషయమును జీవితకార్యముగా తీసుకొన్నారు. కంటికి తగిలే విషములన్నిటిని గురించి 1962లో ఆయన ప్రకటించిన గ్రంథము నేత్రవైద్యులకు నిఘంటువువలె ఉపయోగపడినది. ఈ పరిశోధనలన్నిటి ఫలితముగా కాలము ఎంత తక్కువగా ఉన్నదో తెలిసినది. అమ్మోనియా కొద్ది సెకండ్లలోనే శుక్లపటలమును దాటి కంటి లోపలి ద్రవములోనికి చేరుతుంది. కాస్టిక్ సోడాకు మూడు నుండి ఐదు నిమిషములు చాలును. ఆసుపత్రి ఎంత దగ్గరగా ఉన్నా ఇంతలో చేరలేము. అంటే ఈ గాయమునకు అసలు వైద్యుడు ఆసుపత్రిలో ఉండడు. పక్కన నిలిచియున్నవాడే వైద్యుడు.

ఎన్ని నీళ్లు? ఎంతసేపు?

నీళ్లు అని ఒప్పుకొన్న తర్వాత కూడ కొంతకాలము పొరపాటు సాగినది. కన్ను కడగడానికి చిన్న గాజుగిన్నె ఒకటి వాడేవారు. దానిలో నీరు నింపి, కంటికి అంటించి, తల వెనుకకు వంచి రెప్పలు ఆడించుట పద్ధతి. దుమ్ము పడితే ఇది చాలును. క్షారము పడితే చాలదు. ఎందుకో పదవ తరగతి విద్యార్థి కూడ లెక్క కట్టవచ్చును.

క్షారత తీవ్రతను పి.హెచ్. అంకెలతో చెబుతారు. డెన్మార్కు దేశపు సోరెన్సెన్ 1909లో కల్పించిన కొలత ఇది. ఒక్కొక్క అంకె తగ్గడానికి ద్రావణమును పదిరెట్లు పలుచన చేయవలెను. పి.హెచ్. 13 గల కాస్టిక్ సోడా చుక్కను 8కి దించవలెనంటే ఐదు అంకెలు, అనగా లక్ష రెట్లు పలుచన చేయవలెను. ఒక చుక్క మిల్లీలీటరులో ఇరువదవ వంతు అనుకొంటే దానికి కావలసిన నీరు ఐదు లీటర్లు! గాజుగిన్నెలో పట్టేది కొద్ది మిల్లీలీటర్లు. అదికూడ కదలని నీరు. లోనికి పీల్చుకొన్న క్షారము మెల్లమెల్లగా తిరిగి బయటకు వస్తుంది గనుక, ఒక్కసారి పోసి ఆపినా లాభము లేదు. నీరు పారుతూ ఉండవలెను. పాత నీరు పోతూ, కొత్త నీరు వస్తూ ఉండవలెను.

అమెరికా జాతీయ ప్రమాణముల సంస్థ కన్ను కడిగే కుళాయిలకు 1981లో మొదటి ప్రమాణము ప్రకటించి, తర్వాత పలుమార్లు సవరించినది. దాని ప్రకారము కుళాయి నిమిషమునకు లీటరున్నర చొప్పున పదిహేను నిమిషములు ఎడతెగక రెండు కండ్లకు నీరు ఇవ్వవలెను. అనగా ఇరువదిరెండున్నర లీటర్లు. ప్రమాదస్థలమునుండి పది సెకండ్ల నడకలో అది ఉండవలెను. నీరు మరీ చల్లగాను, మరీ వేడిగాను ఉండరాదు. చల్లని నీటి కింద పదిహేను నిమిషములు కన్ను తెరచి నిలువగలవారు అరుదు గదా! మన ఉన్నత పాఠశాలలలో ఇటువంటి కుళాయి లేకపోతే మామూలు కుళాయికి రబ్బరు గొట్టము తగిలించుకోవచ్చును. అదికూడ లేకపోతే ఒక బిందె మంచినీరు, ఒక చెంబు చాలును. బిందె ప్రయోగశాలలోనే ఉండవలెను. వరండా చివర కాదు.

చేసే విధము ఇది. గాయపడినవానిని పడుకోబెట్టి గాని వంగబెట్టి గాని, దెబ్బతగిలిన కన్ను కిందివైపు ఉండేట్లు తల తిప్పవలెను. లేకపోతే కారిన నీరు మంచి కంటిలోనికి పోతుంది. నొప్పివల్ల రెప్పలు బిగుసుకొనిపోతవి. వాటిని రెండు వేళ్లతో విడదీసి పట్టుకొని, ముక్కువైపునుండి చెవివైపునకు ధారగా నీరు పోయవలెను. కంటిని పైకి, కిందికి, ప్రక్కలకు తిప్పుమనవలెను. నలుపనీయరాదు. కంటికి అతికించుకొనే అద్దములుంటే తీయవలెను, రాకపోతే వాటికోసము నీళ్లు ఆపరాదు. సున్నపు పలుకులు కనబడితే తడిగుడ్డ కొసతో మెత్తగా తీయవలెను. పై రెప్పను తిప్పి మడతలలో వెదకుట వైద్యుని పని. పదిహేను నిమిషములు కనీసము, క్షారమయితే అరగంటయైనా కడుగవలెను. ఆసుపత్రికి వెళ్లే దారిలో కూడ వీలైతే కడుగుతూనే ఉండవలెను. అక్కడ వైద్యుడు రంగు మారే కాగితముతో కంటి తడిని పరీక్షించి, అది మామూలు స్థితికి వచ్చేవరకు కడుగుతాడు. గ్లోగర్ కాలములో ఆ కాగితము లిట్మస్ మాత్రమే. నేడు అంకెతో సహా చెబుతుంది.

నీటికంటె మేలైనదానికోసము అన్వేషణ ఆగలేదు. ఆగవలెనని చెప్పుట కూడ శాస్త్రము కాదు. కాని ఒక అనుభవము చెప్పుకోదగినది. శరీరద్రవములకు దగ్గరగా ఉంటుందని ఫాస్ఫేటు లవణములు కలిపిన ద్రావణములను కన్ను కడగడానికి కొన్నిచోట్ల వాడినారు. జర్మనీలోని ఆహెన్ నగరములో నార్బర్ట్ ష్రాగె, ఆయన సహచరులు 2001లో గమనించినదేమంటే, కాలిన కంటిని దానితో కడిగినప్పుడు శుక్లపటలములో కాల్సియము ఫాస్ఫేటు పేరుకొని తెల్లబడుతున్నది. మరల అదే కథ. కాగితముపై మంచిదనిపించినది కంటిలో మరొక తీరుగా ప్రవర్తించినది.

పాఠశాలకంటె ఇంటిలో ప్రమాదము ఎక్కువ. పొగాకులో నలుపుకొనే సున్నమును చిన్న ప్లాస్టిక్ పొట్లములలో అమ్ముతారు. పిల్లలు వాటిని ఆటవస్తువులనుకొని నొక్కుతారు. పొట్లము చిట్లి సున్నము నేరుగా కంటిలోనికి చిమ్ముతుంది. ఈ విధముగా చూపు పోగొట్టుకొంటున్న పిల్లలను చూచి, ఢిల్లీలోని అఖిల భారత వైద్యవిజ్ఞాన సంస్థకు చెందిన నేత్రవైద్యులు 2003లో లాన్సెట్ అనే వైద్యపత్రిక ద్వారా హెచ్చరిక చేసినారు. శాండ్విచ్ యుద్ధములో శత్రువు మీదికి విసరిన వస్తువే ఇది.

నల్లగుడ్డు అంచు

కడుగుటలో ఆలస్యమైన కంటిలో పోయేది ఏమిటి? దీనికి సమాధానము చాల ఆలస్యముగా, అడుగడుగునా దొరికినది. 1965లో ఇంగ్లండులోని బర్మింగ్హాము నేత్రవైద్యుడు రోపర్-హాల్ గాయములను తరగతులుగా విభజించినప్పుడు, నల్లగుడ్డు తెల్లగుడ్డు కలిసే వలయాకారపు అంచును చూడుమన్నారు. ఆ అంచులో రక్తప్రసారము ఆగి మూడవవంతుకంటె తక్కువ తెల్లబడితే కన్ను బాగుపడే ఆశ ఉన్నది. సగముకంటె ఎక్కువ తెల్లబడితే ఆశ తక్కువ. ఇది వైద్యుల అనుభవము. కారణము అప్పటికి స్పష్టము కాలేదు.

నార్వే దేశమునకు చెందిన దావాంగర్, ఎవెన్సెన్ అనువారు 1971లో ఒక సూచన చేసినారు. శుక్లపటలముపై పొర నిత్యము అరిగిపోతూ ఉంటుంది గదా, దానికి కొత్త కణములు ఈ అంచునుండే వస్తూ ఉండవచ్చును అన్నారు. న్యూయార్కులో టుంగ్-టీన్ సన్, ఆయన సహచరులు 1986లోను, 1989లోను చేసిన పరిశోధనలతో అది బలపడినది. ఆ అంచులో మూలకణములు ఉన్నవి. అవి ఆ పొరకు విత్తనపు గాదెవంటివి. గాదె కాలిపోతే పొలము బీడవుతుంది. తెల్లగుడ్డు మీది పొర, రక్తనాళములతో సహా, నల్లగుడ్డు మీదికి ప్రాకివస్తుంది. అట్టి కంటికి జిర్మ్ చేసినట్లు మధ్యభాగమున కొత్త శుక్లపటలమును అతికించినా చాలవరకు నిలువదు. దానిని పోషించే అంచే లేదు. ఈ వెలుతురులో చూస్తే గ్లోగర్ ఒక కంటిలో మార్పిడి నిలుచుట ఎంతటి అదృష్టమో తెలుస్తుంది. ఆ కంటి అంచు కొంతైనా మిగిలి ఉండవలెను.

1989లో అమెరికాలో కెన్యన్, సెంగ్ అనే వైద్యులు ఆరోగ్యముగా ఉన్న రెండవ కంటి అంచునుండి ముక్కలు తీసి, కాలిన కంటికి అతికించే పద్ధతిని వివరించినారు. పెద్ద ముక్కలు తీస్తే మంచి కంటికి అపాయము. 1997లో ఇటలీలో పెల్లెగ్రీని, ఆమె సహచరులు చిన్న ముక్కనుండి కణములను ప్రయోగశాలలో పెంచి అతికించి చూపినారు. అది మేలేగాని ఖర్చు ఎక్కువ. శుభ్రమైన ప్రయోగశాల, నిపుణులు, వారముల కాలము కావలెను. హైదరాబాదులో డాక్టరు గుళ్లపల్లి నాగేశ్వరరావు 1987లో స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్యసంస్థలో ఈ చికిత్స 2001లో ప్రారంభమైనది. సున్నముతో, ఆమ్లములతో కండ్లు కాలిన పేదలు అక్కడికి వచ్చేవారు.

అక్కడే వీరేందర్ సంగ్వాన్, సాయన్ బసు మున్నగువారు 2012లో మరొక దారి చూపినారు. మంచి కంటి అంచునుండి రెండు మిల్లీమీటర్ల పొడవు వెడల్పుల ముక్క ఒకటి తీస్తారు. కాలిన కంటిపై ప్రాకిన పొరను తొలగించి, గర్భస్థ శిశువును చుట్టియుండే ఉమ్మనీటి సంచి పొరను పరచి అతికిస్తారు. ఆ చిన్న ముక్కను మరి కొన్ని పలుకులుగా కత్తిరించి, నారుమడిలో విత్తనములు చల్లినట్లు దానిపై అక్కడక్కడ ఉంచి, రక్తము గడ్డకట్టడానికి తోడ్పడే ఫైబ్రిన్ జిగురుతో అంటిస్తారు. కణములు ప్రయోగశాలలో కాక రోగి కంటిలోనే పెరుగుతవి. ఒక్క శస్త్రచికిత్సతో పని పూర్తి అవుతుంది. ఒక కన్ను కాలిన 125 మందికి ఈ విధముగా చేసిన చికిత్సల ఫలితములను 2016లో ప్రకటించినారు. వారిలో 76 శాతము మందికి పొర నిలిచినది. ఈ పద్ధతిని ఇతర దేశముల వైద్యులు కూడ స్వీకరించినారు.

దీనికి ఒక నిబంధన ఉన్నది. విత్తనము కోసము రెండవ కన్ను ఆరోగ్యముగా ఉండవలెను. గ్లోగర్‌వలె రెండు కండ్లలోను సున్నము పడినవారికి తమ కణములు దొరకవు. తోబుట్టువులనుండి గాని, తల్లిదండ్రులనుండి గాని, మరణించినవారి కండ్లనుండి గాని తీసుకోవలెను. శరీరము వాటిని పరాయివిగా భావించి తోసివేయకుండ మందులు చాలకాలము మ్రింగవలెను. ఆ మందులవల్ల ఇతర రోగములను ఎదిరించే శక్తి తగ్గుతుంది. కన్ను కడిగేటప్పుడు కారిన నీరు రెండవ కంటిలోనికి పోకుండ తల ప్రక్కకు తిప్పుమనుటకు ఇది కూడ ఒక కారణము.